మంత్రగత్తెల పాత సినిమాలు: ఏది ముందు చూడాలి, ఏ ప్రింటు చూడాలి

1960లో వచ్చిన రెండు సినిమాలు దాదాపు ఒకే సీనుతో మొదలవుతాయి. మంత్రగత్తె అని ముద్ర వేసిన ఒక స్త్రీని కట్టేసి ఉంటారు. చుట్టూ ఆమెను చంపడానికి వచ్చినవాళ్ళు. ప్రాణం పోయేముందు ఆమె వాళ్ళ మీద పగబడుతుంది. ఆ పగ తరాలు దాటి మళ్ళీ లేస్తుంది. ఒకటి ఇంగ్లండులో తీసిన ‘ద సిటీ ఆఫ్ ద డెడ్’, రెండోది ఇటలీలో మారియో బావా తీసిన ‘బ్లాక్ సండే’. రెండూ బ్లాక్ అండ్ వైట్, రెండూ గంటన్నర లోపే, రెండింటి వెనకా పెద్ద డబ్బు లేదు. అయినా మొదటిది చూసిన రాత్రి మామూలుగానే నిద్రపడుతుంది. రెండోది చూశాక ఆ ముఖం చాలా రోజులు వదలదు.

ఇలాంటి పాత సినిమాలు మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ముందు అడిగేది ఒకటే: ఏది ఎక్కువ భయపెడుతుంది? అరవై ఏళ్ళ కిందటి సినిమాను ఆ కొలతతో కొలిస్తే దానికీ అన్యాయమే, చూసేవాళ్ళకూ నష్టమే. ఇవాళ్టి హారర్ సినిమాల చప్పుళ్ళకు అలవాటు పడిన గుండె వీటికి అదిరిపడదు. అందుకే నేను ఇంకో ప్రశ్నతో ఎంచుకోమంటాను. ఈ సినిమా మనల్ని ఎవరిని చూసి భయపడమంటోంది? మంత్రగత్తెను చూసా? మంత్రం తంత్రం అంతా ఉత్తదే అని కొట్టిపారేసే చదువుకున్నవాడి ధీమాను చూసా? లేక ‘ఇదిగో మంత్రగత్తె’ అని వేలు చూపించేవాణ్ణి చూసా? ఈ మూడింటిలో మీకు ఏది కావాలో తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

విఠలాచార్య జానపదాలు చూస్తూ పెరిగినవాళ్ళకు తక్కువ ఖర్చుతో చేసే మాయ కొత్తేమీ కాదు. పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్ళు పెట్టి వంట చేసే దెయ్యాన్ని మనం చూశాం. కెమెరా ఆపి మళ్ళీ తిప్పితే మనిషి మాయమవుతాడు, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు షాటు తీస్తే దెయ్యం గోడలోంచి నడుస్తుంది. ఆయనది అంతా కళ్ళకు కట్టి చూపించే దారి. ఇక్కడ చెప్పబోయే సినిమాల్లో ఎక్కువ భాగం దానికి ఎదురు దారిలో నడిచాయి. డబ్బు లేదు కాబట్టి దాచాయి. పొగమంచు వదిలితే సెట్టు ఎక్కడ అయిపోయిందో కనపడదు. ఒక్క దీపం పెడితే మిగతా గోడలు కట్టే పనే ఉండదు.

ఈ దాచే పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది నిర్మాత వాల్ ల్యూటన్. 1942లో హాలీవుడ్‌లోని ఆర్‌కేఓ స్టూడియో అతనికి పెట్టిన షరతులు మూడు: ఒక్కో సినిమా ఖర్చు 1,50,000 డాలర్లు దాటకూడదు, నిడివి 75 నిమిషాలు మించకూడదు, పేరు స్టూడియో చెప్పిందే పెట్టాలి. అలా పేరు ముందు పుట్టి, కథ తర్వాత పుట్టిన సినిమా ‘క్యాట్ పీపుల్’. తన వంశానికి శాపం ఉందని, మనసు చలిస్తే తాను చిరుతగా మారతానని నమ్మే సెర్బియా యువతి కథ అది. రాత్రివేళ ఫుట్‌పాత్ మీద ఒక అమ్మాయి నడుస్తుంటుంది. వెనక ఇంకో జత బూట్ల చప్పుడు. ఆ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోతుంది. అమ్మాయి పరుగందుకుంటుంది. ఏదో మృగం బుసకొట్టినట్టు వినిపించి మన ఒళ్ళు జలదరించేలోపు పక్కన వచ్చి ఆగింది సిటీ బస్సు అని తెలుస్తుంది. ఈ ఎత్తుకు సినిమావాళ్ళలో ‘ల్యూటన్ బస్సు’ అనే పేరు ఉండిపోయింది. దాని దర్శకుడు జాక్ టూర్నూర్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మంత్రగత్తెను చూసి భయపడాలంటే

మొదట చెప్పిన 1960 నాటి జంట ఇక్కడికే చెందుతుంది.

‘ద సిటీ ఆఫ్ ద డెడ్’ కథ అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వైట్‌వుడ్ అనే కల్పిత ఊళ్ళో జరుగుతుంది. 1692లో అక్కడ ఎలిజబెత్ సెల్విన్ అనే స్త్రీని తగలబెడతారు. ఇప్పటి కాలంలో నాన్ బార్లో అనే కాలేజీ అమ్మాయి మంత్రవిద్యల చరిత్ర మీద పరిశోధన చేస్తూ, తన ప్రొఫెసర్ చెప్పాడని ఆ ఊరికి బయల్దేరుతుంది. ప్రొఫెసర్‌గా క్రిస్టఫర్ లీ. ఆయన నిదానమైన గొంతుతో ఊరికి దారి చెబుతుంటేనే ఈ అమ్మాయి వెళ్ళకుండా ఉంటే బాగుండనిపిస్తుంది.

ఈ సినిమాలో అమెరికా నేల ఒక్క గజం కూడా లేదు. ఊరంతా లండన్ దగ్గరి షెపర్టన్ స్టూడియోలో వేసిన సెట్టే. దాదాపు 45,000 పౌన్లతో సినిమా అయిపోయింది. నేల మీద మోకాళ్ళ ఎత్తున ఎప్పుడూ పొగమంచు. అది ఎంత దట్టంగా ఉంటుందంటే, వీధిలో నిలబడ్డ మనుషులు నడిచి వచ్చారా, నేలలోంచి మొలిచారా అన్నది తెలియదు. దర్శకుడు జాన్ మాక్సీకి ఇదే మొదటి సినిమా. పేదరికాన్నే వాతావరణంగా మార్చుకున్నాడు. సగం దగ్గర కథ తీసుకునే మలుపు ఇక్కడ చెప్పను. అదే ఏడాది హిచ్‌కాక్ తీసిన ‘సైకో’ చూసినవాళ్ళు మాత్రం ఉలిక్కిపడతారు.

లోపాలున్నాయి. ఆ మలుపు తర్వాత కథను భుజానికెత్తుకునే మగవాళ్ళిద్దరికీ పెద్ద ప్రాణం లేదు. చరిత్ర విషయంలోనూ ఒక మాట చెప్పాలి. 1692లో మసాచుసెట్స్‌లోనే సేలం అనే ఊళ్ళో మంత్రగత్తెలని జరిపిన విచారణల్లో ఎవరినీ తగలబెట్టలేదు. 19 మందిని ఉరితీశారు, ఒక వృద్ధుణ్ణి బండరాళ్ళ కింద నలిపి చంపారు. సినిమాలు మంటను ఇష్టపడతాయి కాబట్టి ఆ మంటే జనం మనసుల్లో నాటుకుపోయింది.

‘బ్లాక్ సండే’లో బావా మంటను చాలదనుకున్నాడు. తూర్పు యూరప్‌లోని మోల్డావియాలో ఆసా అనే రాకుమారిని సొంత అన్నే మంత్రగత్తెగా తేలుస్తాడు. లోపల మేకులున్న కంచు ముసుగు తెచ్చి ఆమె ముఖానికి ఆనిస్తారు. ఒకడు పెద్ద సుత్తి ఎత్తుతాడు. కెమెరా ఒక క్షణం ఆ ముసుగు లోపలి నుంచి చూస్తుంది, మేకులు మన ముఖం మీదికే వస్తాయి. బ్రిటన్‌లో సెన్సారువాళ్ళు ఈ సినిమాను 1968 దాకా బయటికి రానివ్వలేదు. ఆ ముసుగు సీను వచ్చేది సినిమా మొదలైన కొద్ది నిమిషాల్లోనే.

రెండు వందల ఏళ్ళ తర్వాత ఆసా లేస్తుంది. ఆమె వంశంలో పుట్టిన కాత్యా అచ్చం ఆమె పోలికే. ఇద్దరూ ఇంగ్లండు నటి బార్బరా స్టీలే. ఒకే ముఖం ఒక సీనులో జాలి పుట్టిస్తుంది, మరుసటి సీనులో వెన్నులో చలి పుట్టిస్తుంది. ఆమె గొంతు మాత్రం ఆమెది కాదు, డబ్బింగే. బావా ఛాయాగ్రాహకుడిగా పండిపోయి దర్శకుడైనవాడు. ఈ సినిమాకు కెమెరా పని కూడా చూసుకున్నాడు. నల్ల గుర్రపు బండి చప్పుడు లేకుండా, నీళ్ళలో తేలినట్టు పొగలోంచి వచ్చే షాటు ఒక్కటి చాలు. మాటలు బలహీనం, కథానాయకుడు చప్పన. వాటిని పట్టించుకోకుండా బొమ్మను చూడండి.

ఈ కథకు మూలం రష్యన్ రచయిత గోగోల్ రాసిన ‘వీయ్’ అని టైటిల్స్‌లో వేస్తారు, కానీ పోలిక చాలా దూరపుది. అసలు కథను అంటిపెట్టుకుని తీసింది 1967 నాటి సోవియట్ సినిమా ‘వీయ్’. అది మోస్‌ఫిల్మ్ అనే పెద్ద ప్రభుత్వ స్టూడియోది కాబట్టి చిన్న బడ్జెట్ సినిమాల లెక్కలోకి రాదు. అయినా చెప్పకుండా ఉండలేను. చనిపోయిన మంత్రగత్తె శవం పక్కన మూడు రాత్రులు గుడిలో ప్రార్థన చదవాల్సిన ఓ క్రైస్తవ మతపాఠశాల విద్యార్థి. తన చుట్టూ సుద్దతో గీసుకున్న గుండ్రటి గీత ఒక్కటే అతనికి రక్ష. మాంత్రికుడు ముగ్గు వేసి మధ్యలో కూర్చోవడం మనకు తెలిసిన సంగతే కాబట్టి ఆ గీత విలువ మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. మంత్రగత్తె వేసిన నటాల్యా వార్లే సర్కస్ నుంచి వచ్చిన మనిషి. ఆమె శవపేటిక మీద నిలబడి గుడిలో ఎగిరే సీనులో ఆ సాధన కనిపిస్తుంది. ‘బ్లాక్ సండే’ మీకు నచ్చితే దీన్ని వెంటనే చూడండి. ఒకే కథ ఇద్దరి చేతుల్లో ఎంత వేరవుతుందో తెలుస్తుంది.

జంటలో ఎవరికి ఏది? ఇంట్లో పెద్దవాళ్ళతో, పదిహేను పదహారేళ్ళ పిల్లలతో కలిసి చూడాలంటే ‘సిటీ ఆఫ్ ద డెడ్’. ఒంటరిగా, దీపాలార్పి చూసే ఓపిక ఉంటే ‘బ్లాక్ సండే’. కళ విషయంలో రెండోదే గొప్పది. మొదటి మెట్టుగా మాత్రం మొదటిదే తేలిక.

నమ్మనివాడి కథలు

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఇవి. తర్కం తప్ప ఇంకేమీ ఒప్పుకోని ఒక చదువుకున్నవాడు. అతని కాళ్ళ కింద నేల కొద్దికొద్దిగా కదలడం. అతనితోపాటు మనమూ వెతుక్కునే కారణాలు ఒక్కొక్కటే అయిపోవడం.

‘నైట్ ఆఫ్ ద డీమన్’ 1957 నాటిది. ‘క్యాట్ పీపుల్’ తీసిన టూర్నూరే పదిహేనేళ్ళ తర్వాత ఇంగ్లండుకు వచ్చి తీశాడు. దెయ్యాల కథలకు పేరున్న ఇంగ్లిష్ రచయిత ఎం.ఆర్. జేమ్స్ 1911లో ప్రచురించిన కథ దీనికి ఆధారం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త హోల్డెన్, మంత్రాల పేరుతో జనాన్ని గుప్పిట్లో పెట్టుకున్న కార్స్‌వెల్ గుట్టు బయటపెట్టాలని వస్తాడు. పురాతన లిపి రాసి ఉన్న ఒక చిన్న చర్మపు చీటీ అతనికి తెలియకుండా అతని కాగితాల్లోకి చేరుతుంది. చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్ళకు గడువు లెక్క మొదలైనట్టే.

ఇందులో కార్స్‌వెల్‌గా నియల్ మగినిస్ నటన కోసమైనా చూడాలి. తల్లితో కలిసి పెద్ద బంగళాలో ఉండే మర్యాదస్థుడతను. ఊళ్ళో పిల్లలకు పార్టీ ఇచ్చి, జోకరు వేషం కట్టి ఇంద్రజాలం చేస్తుంటాడు. హోల్డెన్ వెటకారంగా మాట్లాడితే కోపగించుకోడు. కళ్ళు మూసుకుని నుదుటి మీద వేళ్ళు ఆనిస్తాడు. ప్రశాంతంగా ఉన్న తోటలో గాలి లేస్తుంది. కుర్చీలు ఎగిరిపోతాయి, పిల్లలు ఏడుస్తూ ఇంట్లోకి పరిగెడతారు. ఇంత గాలి వస్తుందని తాను కూడా అనుకోలేదన్నట్టు కార్స్‌వెల్ ముఖంలో ఒక బెదురు కనిపిస్తుంది. తన శక్తికి తానే భయపడే మాంత్రికుణ్ణి నేను ఇంకెక్కడా ఇంత చక్కగా చూడలేదు.

దీని చుట్టూ ఒక పాత తగాదా ఉంది. టూర్నూర్ దాచే దర్శకుడు. నిర్మాత హాల్ చెస్టర్ మాత్రం రాక్షసుణ్ణి చూపించాల్సిందేనని పట్టుబట్టాడు. సినిమా మొదట్లోనే, చివర్లోనూ బొమ్మ రాక్షసుడు తెర నిండా కనిపిస్తాడు. స్క్రీన్‌ప్లే రాసిన చార్ల్స్ బెనెట్‌కు ఆ కోపం చాలాకాలం పోలేదు. నా మట్టుకు చివర్లో చూపించడం తప్పుకాదు. మొదట్లో చూపించడం మాత్రం తప్పే. హోల్డెన్ సందేహపడుతున్నంత సేపూ మనకు సందేహం లేకుండా పోయింది. మీరు మొదటిసారి చూస్తున్నట్టయితే, తొలి ఏడెనిమిది నిమిషాలు వదిలేసి హోల్డెన్ విమానంలో వచ్చే చోటి నుంచి మొదలుపెట్టి చూడండి. అయిపోయాక వెనక్కి వెళ్ళి ఆ మొదలు చూడండి. నేను కొందరికి ఇలాగే చూపించాను, బాగా పట్టింది.

దీనికి జోడీ 1962 నాటి ‘నైట్ ఆఫ్ ద ఈగల్’. ఫ్రిట్జ్ లైబర్ 1943లో రాసిన ‘కాంజర్ వైఫ్’ అనే నవలను రిచర్డ్ మాథెసన్, చార్ల్స్ బోమాంట్, జార్జ్ బాక్స్ట్ స్క్రిప్టుగా మలిచారు. బాక్స్ట్ ‘సిటీ ఆఫ్ ద డెడ్’కూ రాసినవాడే. దర్శకుడు సిడ్నీ హేయర్స్.

కథ మన ఇళ్ళకు ఎంత దగ్గరో చూడండి. నార్మన్ టేలర్ కాలేజీ అధ్యాపకుడు. మూఢనమ్మకాల మీద పాఠం చెబుతూ ‘నేను నమ్మను’ అని బోర్డు మీద రాస్తాడు. ఉద్యోగంలో వేగంగా ఎదుగుతున్నాడు. ఒక రాత్రి సొరుగులో చచ్చిన సాలీడు దొరుకుతుంది. వెతికితే ఇల్లంతా రక్షరేకులే, తాయెత్తుల్లాంటివే. భార్య టాన్సీని నిలదీస్తే, నీ మీద పడుతున్న చెడు చూపులకు ఇన్నాళ్ళూ అడ్డుగా నిలబడింది ఇవేనంటుంది. అతను అవన్నీ పోగేసి, ఒక్కటి కూడా మిగల్చకుండా ఆమె చేతే మంటలో వేయిస్తాడు. మర్నాటి నుంచి ఒక్కొక్కటే బెడిసికొడుతుంది.

గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయను, బండికి కట్టిన నిమ్మకాయ మిరపకాయలను తెంపి పారేసిన భర్తలు, ‘అయ్యో, ఎందుకండీ’ అని నోరు నొక్కుకున్న భార్యలు మన చుట్టూ ఎందరో. దిష్టి మీద మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఈ సినిమా ఆ దంపతుల మధ్య మాటల్లోనే పట్టేస్తుంది. ఇందులో అసలు విషం కాలేజీ స్టాఫ్ కుటుంబాల మధ్య నడుస్తుంది. ఎవరి భర్తకు ప్రమోషన్ వచ్చింది, ఎవరికి రాలేదు, పేకాట బల్ల దగ్గర ఎవరు ఎవరిని ఎలా చూశారు. చేతబడి అనుమానాలు నిజజీవితంలో పుట్టేది కూడా ఇలాంటి ఈర్ష్యల్లోనే. ఆ సంగతి ఇంత సూటిగా చెప్పిన సినిమా అరుదు. పతాక సన్నివేశంలో వచ్చే రాతి గద్ద ట్రిక్కు ఇవాళ కాస్త తేలిపోతుంది. దానికి ముందు, వాన కురిసే రాత్రి టెలిఫోనులోంచి వచ్చే చప్పుడు మాత్రం తేలిపోదు.

పేరు ‘డీమన్’కే ఎక్కువ. ఎంచుకోమంటే నేను ‘ఈగల్’నే ఎంచుకుంటాను. మొదటిదానిలో ఒక గొప్ప ప్రతినాయకుడున్నాడు, రెండోదానిలో ఒక నిజమైన సంసారం ఉంది. పెళ్ళయినవాళ్ళు భార్యాభర్తలుగా కలిసి చూడాల్సిన హారర్ సినిమా ఇదొక్కటే అనిపిస్తుంది.

వేలు చూపించేవాళ్ళు

బ్రిటన్‌లో టైగన్ అనే చిన్న కంపెనీ మూడేళ్ళ తేడాలో రెండు సినిమాలు తెచ్చింది. రెండూ పల్లె నేపథ్యం, రెండూ పాతకాలం, రెండూ రంగుల్లో. వాటి బుద్ధి మాత్రం పూర్తిగా ఎదురెదురు.

1968 నాటి ‘విచ్‌ఫైండర్ జనరల్’లో మంత్రం లేదు, దెయ్యం లేదు, అతీతశక్తి ఒక్కటీ లేదు. మాథ్యూ హాప్కిన్స్ చరిత్రలో ఉన్న మనిషి. 1640ల అంతర్యుద్ధపు అరాచకంలో తూర్పు ఇంగ్లండు ఊళ్ళు తిరిగి, మంత్రగత్తెలను కనిపెడతానని డబ్బు పుచ్చుకుని వంద మందికి పైగా చావుకు కారణమయ్యాడు. తీసినవాడు మైకేల్ రీవ్స్. అప్పటికి అతనికి ఇరవై నాలుగేళ్ళు. లక్ష పౌన్ల లోపు ఖర్చు. హాప్కిన్స్‌గా హారర్ నటుడు విన్సెంట్ ప్రైస్‌ను అమెరికా పంపిణీదారులు రుద్దారు, రీవ్స్ కోరుకున్నది డొనాల్డ్ ప్లెజెన్స్‌ను. ప్రైస్ ఎప్పటిలా కళ్ళు తిప్పుతూ, గొంతు సాగదీస్తూ నటించబోతే రీవ్స్ ప్రతి పూటా అడ్డుపడ్డాడు. ఆ ఘర్షణలోంచి ప్రైస్ జీవితంలోనే అత్యంత గడ్డకట్టిన, అత్యంత నిజమైన నటన బయటికొచ్చింది. సినిమా విడుదలైన మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రీవ్స్ చనిపోయాడు. ఇరవై అయిదేళ్ళు.

ఈ సినిమా చూస్తే భయం వేయదు, కడుపులో తిప్పుతుంది. పచ్చటి పొలాలు, ఎండ, పక్షుల కూతలు, వాటి మధ్య ఒక స్త్రీని నిచ్చెనకు కట్టి మంటలోకి దించుతుంటే చుట్టూ నిలబడి చూసే ఊరివాళ్ళు. కెమెరా వాళ్ళ ముఖాల మీద ఆగుతుంది. ఎవరి ముఖంలోనూ పెద్ద క్రూరత్వం ఉండదు, అదే తట్టుకోలేం. ఇంగ్లండులో మంత్రగత్తెలకు మామూలుగా వేసేది ఉరే, కాల్చడం కాదు కాబట్టి ఆ సీను చరిత్ర కాదు. ఆ ముఖాలు మాత్రం నిజం. చేతబడి చేశారని, బాణామతి చేశారని అనుమానించి ముసలివాళ్ళను, ఒంటరి ఆడవాళ్ళను కొట్టి చంపిన వార్తలు తెలుగు పత్రికల్లో చదివినవాళ్ళకు ఆ ముఖాలు పరాయివి కావు. మంత్రగత్తెల సినిమాలు ఇష్టపడే ప్రతి ఒక్కరూ ఈ ఒక్క సినిమాకు బాకీ ఉన్నారని నా గట్టి నమ్మకం. సరదాగా చూసే ఆ కథల వెనక ఎవరి ఒళ్ళు కాలిందో ఇది చెబుతుంది.

1971 నాటి ‘ద బ్లడ్ ఆన్ సేటన్స్ క్లా’లో పొలం దున్నుతున్న రైతుకు నాగలి చాలులో వింత పుర్రె దొరుకుతుంది, అందులో ఒక కన్ను ఇంకా ఉంటుంది. తర్వాత ఊళ్ళో పిల్లలు మారిపోతారు. ఏంజెల్ బ్లేక్ అనే అమ్మాయి వెనక గుంపుగా అడవిలోకి పోయి పూజలు చేస్తారు. దర్శకుడు పియర్స్ హేగర్డ్ ఆ మట్టినీ కొమ్మలనూ తీసిన తీరు అద్భుతం. కెమెరా చాలాసార్లు నేలకు ఆని, చాళ్ళలోంచి పైకి చూస్తుంది. ఏదో కింది నుంచి మనల్ని చూస్తున్నట్టుంటుంది. పల్లె నేలలోంచి, పాత నమ్మకాల్లోంచి భయం పుట్టించే ఇలాంటి సినిమాలను ఇప్పుడు ‘ఫోక్ హారర్’ అంటున్నారు. తన సినిమా గురించి హేగర్డ్ కూడా ఆ మాటే వాడాడు. మొదట మూడు విడి కథలుగా అనుకున్నది ఒకటిగా కలిపారు, అందుకే అక్కడక్కడ అతుకులు కనిపిస్తాయి.

చిక్కు ఎక్కడంటే, ఈ సినిమాలో మంత్రగత్తెలు నిజం, వాళ్ళను ఏరిపారేసే న్యాయాధికారి చేసేది న్యాయం. మూడేళ్ళ కిందట అదే కంపెనీ దేన్ని ఘోరమని చూపించిందో అది ఇక్కడ విరుగుడు అయింది. ఆ న్యాయాధికారి పాత్ర వేసిన పాట్రిక్ వైమార్క్ ‘విచ్‌ఫైండర్ జనరల్’లో అంతర్యుద్ధంలో పార్లమెంటు పక్షపు సేనాని క్రాంవెల్‌గా కనిపిస్తాడు. రెండూ ఒకదాని వెంట ఒకటి చూస్తే ఈ తేడా గుచ్చుకుంటుంది. హింస రెండింటిలోనూ ఉంది. ‘సేటన్స్ క్లా’లో నగ్నత్వం, ఒక అత్యాచార సన్నివేశం కూడా ఉన్నాయి. ఇంట్లో అందరి ముందూ పెట్టుకునే సినిమాలు కావు ఇవి. ఒక్కటే చూసే వీలుంటే ‘విచ్‌ఫైండర్’ చూడండి.

నిజంగా చిల్లర డబ్బుతో తీసినవి

పైవన్నీ చిన్న సినిమాలే అయినా వెనక స్టూడియో, పంపిణీ ఉన్నాయి. అవి కూడా లేనివాళ్ళు తీసినవాటిలో రెండు చెబుతాను.

‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’, 1962. అమెరికాలోని కాన్సాస్‌లో పారిశ్రామిక, విద్యా చిత్రాలు తీసే హెర్క్ హార్వీ, సాల్ట్ లేక్ దగ్గర కారులో వెళ్తూ సాల్టేర్ అనే పాడుబడ్డ వినోదశాలను చూశాడు. ఉప్పు మైదానంలో ఒంటరిగా నిలబడ్డ గోపురాలు. ఆ చోటు కోసమే కథ రాయించాడు. దాదాపు 33,000 డాలర్లు, మూడు వారాల షూటింగు. వంతెన మీంచి కారు నదిలో పడ్డాక ఒక్కతే బయటపడిన యువతి కథ. మంత్రాలు లేవు, మంత్రగత్తె లేదు. ఆమె చర్చిలో ఆర్గన్ వాయించే మనిషి కాబట్టి సినిమా అంతా ఆర్గనే మోగుతుంది. వాద్యబృందాన్ని పెట్టుకునే డబ్బు లేకపోవడం ఇంత మేలు చేసిన సినిమా ఇంకోటి లేదు. వెంటాడే పాలిపోయిన మనిషి వేషం వేసింది హార్వీయే. జీవితంలో ఆయన తీసిన కథాచిత్రం ఇదొక్కటే.

‘ఈక్వినాక్స్’ సంగతి వేరు. డెనిస్ మ్యూరెన్ అనే కాలేజీ కుర్రాడు స్నేహితులతో కలిసి 6,500 డాలర్లతో తీశాడు. నలుగురు యువతీయువకులకు అడవిలో మంత్రాల పుస్తకం దొరుకుతుంది, దాని వెంట భూతాలు వస్తాయి. ఓ నిర్మాత కొని, కొత్త సీన్లు కలిపించి 1970లో విడుదల చేశాడు. నటన పచ్చిగా ఉంటుంది, కథ నిలవదు. కానీ బొమ్మను అంగుళం అంగుళం జరుపుతూ ఒక్కో ఫ్రేము తీసిన ఆ రాక్షసుల్లో ఆ కుర్రాళ్ళ ఇష్టం, ఓపిక కనిపిస్తాయి. మ్యూరెన్ తర్వాత ‘స్టార్ వార్స్’ ఎఫెక్టుల్లో పనిచేసి ఎన్నో ఆస్కార్లు తీసుకున్నాడు. ఇందులో ప్రొఫెసర్‌గా కనిపించే పెద్దమనిషి ఎవరో కాదు, ‘కాంజర్ వైఫ్’ రాసిన ఫ్రిట్జ్ లైబరే. విఠలాచార్య ట్రిక్కు షాట్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు, సొంతంగా షార్ట్ ఫిల్ములు తీసుకునేవాళ్ళు దీన్ని చూడాలి. మిగతావాళ్ళు ‘కార్నివాల్’ చూడండి.

ప్రింటు విషయం అసలు మరవకండి

నేను ‘సిటీ ఆఫ్ ద డెడ్’ మొదటిసారి చూసినప్పుడు ఇరవై నిమిషాల్లో ఆపేశాను. ఎవరో ఉచితంగా ఎక్కించిన పాడు కాపీ అది. పొగమంచు, చీకటి, మనుషులు అన్నీ కలిసి ఒకటే బూడిద ముద్ద. ఏళ్ళ తర్వాత శుభ్రం చేసిన ప్రింటు చూశాకే నేను వదిలేసింది ఏమిటో తెలిసింది. కేవలం వెలుగు నీడల మీద బతికే సినిమాకు చెడ్డ ప్రింటు అంటే సినిమా లేనట్టే.

అమెరికాలో ఈ సినిమాలకు పేర్లు మార్చారు, కోతలు పెట్టారు. ‘సిటీ ఆఫ్ ద డెడ్’ అక్కడ ‘హారర్ హోటల్’ అయింది. మొదటి సీనులో మంత్రగత్తె సైతానుతో చేసుకునే ఒప్పందపు మాటలు తీసేశారు. ఆ మాటలు లేకపోతే తర్వాత జరిగేదానికి పునాది లేదు. ఆ సినిమాకూ ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’కూ అమెరికాలో కాపీరైటు లేకపోవడం వల్ల నాసిరకం కాపీలు లెక్కలేనన్ని తిరుగుతున్నాయి. ‘నైట్ ఆఫ్ ద డీమన్’ను ‘కర్స్ ఆఫ్ ద డీమన్’ పేరుతో దాదాపు పదమూడు నిమిషాలు కత్తిరించి విడుదల చేశారు. హోల్డెన్ పల్లెలో ఒక రైతు కుటుంబం ఇంటికి వెళ్ళే చల్లటి సీను ఆ కోతలో పోయింది. 96 నిమిషాలున్నదే వెతకండి. ‘నైట్ ఆఫ్ ద ఈగల్’ అక్కడ ‘బర్న్, విచ్, బర్న్’. చీకటి తెర మీద ఒక గొంతు ప్రేక్షకులకు రక్షమంత్రం చదివే పీఠిక కలిపారు. అది ఉన్నా నష్టమేమీ లేదు.

‘బ్లాక్ సండే’ అమెరికా వెర్షన్‌లో కోతలతోపాటు సంగీతమూ మారింది. రాబర్టో నికొలోసి సంగీతం ఉన్న యూరప్ వెర్షన్ చూడండి. ‘విచ్‌ఫైండర్ జనరల్’ అక్కడ ‘కాంకరర్ వర్మ్’ అయింది. దాని అమెరికా వీడియో కాపీల్లో పాల్ ఫెరిస్ కట్టిన సంగీతం తీసేసి సింథసైజర్ సంగీతం పెట్టారు. పల్లెపాటలా మెత్తగా సాగే బాణీ మీద ఆ ఘోరాలు జరగడమే రీవ్స్ ఉద్దేశం. సింథసైజర్ వినిపిస్తే ఆపేసి ఇంకో కాపీ వెతకండి.

ఫోన్లో చూడకండి. బ్లాక్ అండ్ వైట్ చీకటి చిన్న తెర మీద, వెలుతురు గదిలో చచ్చిపోతుంది. టీవీలో బ్రైట్‌నెస్ పెంచే బదులు గదిలో దీపం ఆర్పండి. పాత బ్రిటిష్ యాస కోసం ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే మాటలు జారిపోవు.

మూడు రాత్రులే ఉన్నాయి, వరస చెప్పమంటే ఇలా చెబుతాను. మొదటి రాత్రి ‘సిటీ ఆఫ్ ద డెడ్’. పాత సినిమా నడకకు కన్ను అలవాటు పడుతుంది. రెండో రాత్రి ‘నైట్ ఆఫ్ ద ఈగల్’, వీలైతే ఇంట్లో దిష్టి తీసే అలవాటు ఉన్నవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని. మూడో రాత్రి ‘విచ్‌ఫైండర్ జనరల్’. అది అయ్యాక అదే రాత్రి ఇంకో సినిమా పెట్టుకోకండి.